బిళ్ళగన్నేరు మందుకు కొవ్వు గోడ

మార్కాపురం వీధుల్లో, గిద్దలూరు శివార్లలో చుక్క నీళ్లు పోయకపోయినా పూస్తూ ఉంటుంది బిళ్ళగన్నేరు. ఆ చేదాకును మేకలు కూడా ముట్టవు. అందులోని విన్‌క్రిస్టీన్ 1963 నుంచి రక్తక్యాన్సర్‌కు మందు. టన్ను ఎండుటాకును శుద్ధి చేస్తే దొరికేది గ్రాముల్లోనే. ఆకు నమిలితే జబ్బు నయం కాదు; అందులో విషాలూ ఉంటాయి.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే సన్నటి పోగులుంటాయి. విన్‌క్రిస్టీన్ వాటిని అల్లుకోనివ్వదు. చీలలేక కణం చస్తుంది. కానీ మన నరాలకూ అలాంటి పోగులే ఆధారం. అందుకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పేగులు మందగిస్తాయి. ఎంతటి మనిషికైనా డాక్టర్లు సాధారణంగా ఒక మోతాదులో 2 మిల్లీగ్రాములు దాటించరు.

ఈ హద్దును దాటడానికి అదే మందును కొవ్వు గోళాల్లో నింపి తయారు చేసినదే మార్కిబో. స్ఫింగోమైలిన్ అనే కొవ్వు, కొలెస్టరాల్ కలిపి సుమారు 100 నానోమీటర్ల బోలు గోళాలు చేశారు. లోపల పుల్లటి సిట్రేట్ ద్రావణం. దీంట్లో నన్ను కట్టిపడేసేది మందు నింపే తీరు. ఫార్మసీలో ఫాస్ఫేట్ కలిపి బయటి పులుపు తగ్గించేవారు. సీసాను 65 డిగ్రీల దగ్గర వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచేవారు. బయట విద్యుదావేశం లేని మందు అణువు కొవ్వు గోడలోంచి సునాయాసంగా దూరిపోతుంది. లోపలి ఆమ్లం తగలగానే దానికి ఆవేశం వస్తుంది. ఇక ఆ గోడ దాటి తేలిగ్గా తిరిగి రాలేదు. నెట్టే యంత్రం లేదు, తాళం లేదు. పులుపులో తేడా ఒక్కటే పని చేస్తోంది! కొవ్వు ఎంపికా అంతే తెలివైనది: స్ఫింగోమైలిన్ ఆమ్లానికి త్వరగా విచ్ఛిన్నం కాదు, మందు రక్తంలో మెల్లగా బయటపడటానికి అదీ తోడ్పడుతుంది. కణితి రక్తనాళాల గోడల్లో సందులు ఎక్కువ, గోళాలు అక్కడ నిలిచే వీలుంది.

2012లో అమెరికా దీన్ని మళ్లీ తిరగబెట్టిన పెద్దల రక్తక్యాన్సర్‌కు అనుమతించింది. చదరపు మీటరు శరీర వైశాల్యానికి 2.25 మిల్లీగ్రాముల మోతాదు, పాత హద్దు లేకుండా. నరాల బాధ మాత్రం పూర్తిగా పోలేదు. మందు మేలును నిర్ధారించే తప్పనిసరి క్లినికల్ పరీక్ష పూర్తి కాక 2022లో అనుమతి రద్దయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన ముగింపు.

పద్ధతి మాత్రం ఆగలేదు. మార్కిబో కన్నా ముందే, 1995లో వచ్చిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందులోనూ ఇదే కిటుకు. అందులో సిట్రేట్ బదులు అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది. దాని జనరిక్‌ను 2017లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ అమెరికా ఆస్పత్రులకు అందించింది.