సాయంత్రం వేళ పంచెకట్టు

కడియంలో పెళ్ళివిందుకు పొద్దుగూకాక జనం చేరతారు. నర్సరీల వైపు నుంచి తడిమట్టి వాసన, పందిట్లో మల్లెల ఘుమఘుమ. వచ్చే పెద్దమనుషుల్లో పంచె కట్టుకున్నవాళ్ళెవరో, వెల్‌క్రో అతికించిన రెడీమేడ్ పంచె తొడుక్కున్నవాళ్ళెవరో నడక చూస్తేనే తెలిసిపోతుంది. కట్టుకున్న పంచెలో అడుగు బారుగా పడుతుంది.

నాకు కట్టడం నేర్పింది మా తాతయ్య. పది మూరల నూలు పంచె నడుం వెనక నుంచి తెచ్చి, రెండు కొసలూ ముందు కలిపి బొడ్డు దగ్గర ముడి వేయించేవాడు. "పొట్ట బిగబట్టకురా, విస్తరి ముందు కూర్చున్నాక తెలుస్తుంది" అనేవాడు. ఒక కొసను కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, మడతలు చక్కదిద్ది నడుం దగ్గర దోపితే గోచి. రెండో కొసకు నాలుగు వేళ్ళ వెడల్పున కుచ్చెళ్ళు పెట్టి, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కుతూ బొడ్డు దగ్గర దోపాలి. కుచ్చెళ్ళు పాదం మీద ఆనాలి గానీ నేల ఊడ్వకూడదు. గోచి వదులైతే జారుతుంది, మరీ బిగువైతే కూర్చోనివ్వదు. పట్టు జారుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళకు గంజి పెట్టిన నూలే మేలు.

సాయంత్రపు విందుకు వేరే దుస్తులన్న పద్ధతి మన ఒక్కరిదే కాదు. న్యూయార్క్ దగ్గర 1886లో వెలసిన టక్సీడో పార్కు పేరే అమెరికాలో విందు కోటుకు స్థిరపడింది. పొడవు తోకల కోటు కంటే ఒక మెట్టు తక్కువ లాంఛనం దానిది. మనకూ ఆ మెట్టు ఉంది. ముహూర్తానికి వెడల్పు జరీ పట్టుపంచె, సాయంత్రానికి సన్నంచు తెల్ల పంచె, లాల్చీ, భుజాన మడత నలగని కండువా, కాళ్ళకు తోలు చెప్పులు. విందులో పెళ్ళికొడుకు కంటే మన జరీ మెరవకూడదన్నది నా మాట. అంచు ఎంత సన్నగా ఉంటే నేత అంత బాగా కనిపిస్తుంది. పొందూరు ఖద్దరు చూడండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి వడుకుతారు. ఆ పంచె ఒంటిమీద ఉన్నట్టే ఉండదు, గోదావరి ఉక్కపోతకు అంతకంటే ఏం కావాలి?

2014లో చెన్నైలో ఒక క్లబ్బు, పంచెతో వచ్చాడని హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. అలాంటి ఆంక్షలు చెల్లవని తమిళనాడు అదే ఏడాది చట్టం చేసింది. చట్టం గుమ్మం దాటిస్తుంది, కుచ్చెళ్ళు మాత్రం పెట్టదు. అది ఇంట్లో నేర్పాల్సిందే. వచ్చే పెళ్ళిళ్ళ సీజను లోపల మీ కుర్రాడి చేతికి ఒక నూలు పంచె ఇచ్చి అద్దం ముందు నిలబెట్టండి. పదిసార్లు కడితే చెయ్యి తిరుగుతుంది.