దో గజ్ దూరీ

దగ్గరితనాన్ని పసిగట్టే యంత్రాలు కొత్తవేం కావు. 1998లో జపాన్‌లో ‘లవ్‌గెటీ’ అని అరచేతిలో ఇమిడే పరికరం అమ్మారు. ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. కబుర్లకా, పాటలకా అని ముందే మీట నొక్కి పెట్టుకుంటే, అదే కోరికతో ఉన్న మరో మనిషి కొన్ని మీటర్ల దూరానికి రాగానే రెండూ కూసేవి. నవ్వొచ్చే వస్తువే. అయినా ఒక మనిషి దగ్గరికి రావడం మంచి కబురేనని అది నమ్మింది.

ఇరవై రెండేళ్ల తర్వాత మన జేబుల్లోకొచ్చింది దీన్ని తలకిందులు చేసింది. 2020 ఏప్రిల్ 2న కేంద్రం విడుదల చేసిన ‘ఆరోగ్య సేతు’. పేరేమో వంతెన. పనేమో ఎవరు ఎవరికి దగ్గరగా వచ్చారో రాసిపెట్టడం. పేరు, ఫోన్ నెంబరు, వయసు, వృత్తి అడిగింది. మతం అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రోగి పక్కన కూచున్నవాళ్లను వెతకడం అవసరమైన పనే. దాన్ని మేం కాదనడం లేదు.

కానీ దానికి దూరమే తెలుసు, సంబంధం తెలీదు. బ్లూటూత్ సంకేతం బలంగా ఉంటే దగ్గర, బలహీనంగా ఉంటే దూరం. ఆ సంకేతం పలచటి గోడల్లోంచి పోగలదు. మా బస్తీల్లో రెండిళ్లకు ఒకటే గోడ. అటు మంచం మీది మనిషీ ఇటు మంచం మీది మనిషీ ఏడాదిగా మాట్లాడుకోకపోయినా ఫోనుకు వాళ్లు దగ్గరివాళ్లే. చుట్టూ తోట ఉన్న బంగళావాడికి ఈ చిక్కు లేదు. ఇరుకులో బతకడమే అనుమానమైపోయే లెక్క ఇది.

మా దగ్గరితనం ఎట్లాంటిది? నమాజులో భుజానికి భుజం తగలాలి, సఫ్‌లో సందు ఉండొద్దు. గలే మిలనిదే ఈద్ కాదు. పీర్ల పండక్కి గుండం చుట్టూ ఊరంతా అలాయి ఆడుతుంది. దసరాకు హిందువులు జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. ఇవన్నీ ఫోను భాషలో ‘కాంటాక్ట్’. అంతకుమించి దానికి మాట లేదు. ఆ ఏడాది మే 25న ఈద్‌ను గదుల్లోనే చేసుకున్నాం. అప్పటికి ‘దో గజ్ దూరీ’ నినాదం మోగుతోంది. ఉర్దూ చెవికి దో గజ్ అంటే సమాధికి పట్టే నేల. ఆ నినాదం రాసినవాళ్లకు ఇది తట్టి ఉండదు.

మరి అడగని మతాన్ని లెక్కలో చేర్చిందెవరు? 2020 మార్చి 30న, నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత ఢిల్లీ చెప్పే లెక్కల్లో తబ్లీగీలది వేరే వరస. ఏప్రిల్ 18న 14,378 కేసుల్లో 4,291 వాళ్లవేనన్నారు. పేరడిగి పండ్ల బండివాణ్ణి వెళ్లగొట్టిన వార్తలు ఆ రోజుల్లోనే చదివాం. అడిగినవాడికి ఏ యాప్ అవసరం పడలేదు. టోపీ, గడ్డం, పేరు, ఇవే అతనికందే సంకేతాలు. బ్లూటూత్ కొన్ని మీటర్లకే ఆగిపోతుంది. ఇది వీధి చివరి నుంచే పనిచేస్తుంది. ‘భౌతిక దూరం’ అంటే సరిపోయే చోట ‘సామాజిక దూరం’ అన్నారు చూడండి. ఆ మాటకు అర్థం వెలివాడలో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువులుగా ఎంచుకున్నట్టుందన్నది. ఆ తీర్పును టీవీలు ఏప్రిల్‌లో అరిచినంత గట్టిగా చదవలేదు.

జబ్బు పేరుతో తీసుకున్న లెక్క జబ్బు దగ్గరే ఆగుతుందా? సింగపూర్‌లో ఇలాంటి ‘ట్రేస్‌టుగెదర్’ సమాచారాన్ని నేర పరిశోధనకు పోలీసులు తీసుకోవచ్చని 2021 జనవరిలో అక్కడి పార్లమెంటులోనే చెప్పారు. మన దగ్గర ఆ వెతుకులాటను ఆపేశామనీ, పోగేసిన సమాచారాన్ని చెరిపేశామనీ 2023లో ప్రభుత్వం చెప్పింది. ఫోనులో చెరిపారు సరే. అద్దె ఇల్లు అడగబోతే ఇప్పటికీ గదుల సంగతి కంటే ముందు మా పేరే అడుగుతున్నారు.