పొగలోని షడ్రుచులు

గోదావరి లంకలలో పొగాకు పండించిన మా మేనమామ, పంట యింటికి చేరిన పిమ్మట, పాకలో తోరణములవలె వ్రేలాడుచున్న ఆకులలో ఒకదానిని తెంపి, వెలుతురునకు అడ్డముగా పట్టి ఈనెలను పరికించి, అరచేత నలిపి, కన్నులు మూసికొని వాసన చూచి, “ఘాటుంది గాని కమ్మదనం లేదు” అనియో, “ఇంకా మగ్గాలి” అనియో తీర్పు చెప్పుచుండగా, ప్రక్కన నిలిచి చూచిన బాల్యదృశ్యము నాకు ఇప్పటికిని మఱపునకు రాలేదు. ఆయన మాటలలో ఒక్కటియు పుస్తకములోనిది కాదు. అయినను ఆ మాటలు విన్నవానికి, ఆకును చూడకపోయినను, దాని గుణము బోధపడెడిది.

ఇటీవల విదేశయాత్ర ముగించుకొని వచ్చిన మిత్రుడొకడు హవానాలో చుట్టిన సిగారులు మూడింటిని చిన్న కొయ్యపెట్టెలో తెచ్చి యిచ్చి, రుచి చూచి అభిప్రాయము వ్రాయుమని కోరినపుడు, నాకు ముందుగా తలపునకు వచ్చినది ఆ అరచేయియే. ఆ సిగారుల పేరు ఇచట వ్రాయను. వ్రాసినచో ఇది వర్తకుని ప్రకటన యగును. అంతియగాక, పేరు తెలిసినపుడు నాలుకకంటె ముందు వెల తీర్పు చెప్పును. పెట్టెను గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలెను. స్పానిష్ సీడర్ అని ప్రసిద్ధమైన ఆ కొయ్య పేరునకు దేవదారువే గాని, ఆ చెట్టు నిజమునకు మన వేప కుటుంబమునకు చెందినది. మూత తెఱవగానే వచ్చిన ఆ మధురమైన కొయ్యవాసనలో ఒక చిఱుచేదు ఏల తగిలినదో నాకపుడు అర్థమైనది.

క్యూబా ద్వీపపు పడమటి భాగమున, పినార్ దెల్ రియో మండలములోని వుయెల్తా అబాహో నేలలు ఈ సిగారుల ఆకునకు పుట్టినిల్లు. సిగారునకు చర్మమువంటి పైయాకును పలుచని వస్త్రపు పందిళ్లక్రింద నీడలో పెంచుదురు. కడుపులో కూర్చు ఆకును ఎండకే విడుతురు. ఒకే మొక్కయందు అడుగుభాగపు ఆకు చక్కగా కాలును, నడిమి ఆకు పరిమళించును, సూర్యునికి దగ్గఱగా నుండు చివరి ఆకు ఘాటెక్కును. వీనిని అచటివారు వోలాదో, సేకో, లిహేరో అని పిలుతురు. ఎండిన ఆకులను కుప్పలుగా పేర్చి, లోన పుట్టిన వేడికి మగ్గనిచ్చి, వేడి మితిమీఱక మునుపే కుప్ప విప్పి మఱల పేర్చుచు, ఆకులోని అమ్మోనియాను వెడలగొట్టుదురు. మా మేనమామ “మగ్గాలి” అన్న మాటకు అర్థమిదియే. పిదప తోర్సెదోర్ అనబడు చుట్టువాడు, మెల్లగా కాలు లిహేరోను నడుమ నుంచి, తక్కిన ఆకులను దానిచుట్టును గాలి పోవు సందులు విడిచి మడచి, ఒక కట్టుటాకుతో బిగించి, పైయాకును చుట్టును.

ఈ చుట్టువారు పని చేయుచుండగా ఒకడు ఎత్తైన పీఠముపై కూర్చుండి వార్తాపత్రికలను, నవలలను బిగ్గఱగా చదివి వినిపించు ఆచారము 1865లో హవానా కర్మాగారములయందు మొదలై నేటికిని సాగుచున్నది. మాంటెక్రిస్టో కథను చెప్పు డ్యూమా నవలను వారు ఎంతగానో ప్రేమించిరి. 1935లో పుట్టిన ఒక సిగారునకు ఆ పేరు ఆ విధముగనే వచ్చినదందురు. చేతులు ఆకుపై నుండగా చెవులు కథపై నుంచిన ఆ మనుష్యుల శ్రమను తలచుకొనకుండ నేను ఏ సిగారును వెలిగింపలేను.

ఆ కర్మాగారములలోనే, చుట్టిన సరకును కాల్చి చూచుటయే వృత్తిగా గలవారు వేఱుగా నుందురు. వారిని కతదోర్ లందురు. వారు సిగారును తుదివఱకు కాల్చరు. కొంతమేర కాల్చి, ఈడ్పు, కాలుట, ఘాటు, పరిమళము, రుచి వేర్వేఱుగా నిర్ణయించి, నడుమ చక్కెర లేని తేయాకునీటితో నోరు కడిగికొని, వేఱొకదానిని అందుకొందురు. ఈ అంశములను విడదీసి చూచుట మనబోటివారును నేర్వదగినది. లేనిచో “బాగున్నది” అను ఒక్క మాటతో అన్నియు కలిసిపోవును.

మొదటి సిగారును నేనే చెడగొట్టితిని. పదినిమిషముల తీఱిక దొరికినదని గబగబ ఈడ్చుటచే నిప్పు వేడెక్కి, పొగ చేదై, తల తిరిగి, సగము కాలకమునుపే దానిని ప్రక్కన పెట్టవలసివచ్చెను. “దమ్ము గుంజకురా అల్లుడూ, నోట్లోకి రానీ, అదే వస్తుంది” అని నాకు వయసు వచ్చిన పిదప మామయ్య చెప్పిన మాట ఆనాడు నేను పాటింపలేదు.

రెండవదానిని ఒక ఆదివారము సాయంకాలము, భోజనమైన రెండు గంటలకు, మంచినీటి చెంబు దగ్గఱ నుంచుకొని, అరుగుపై కూర్చుండి పరీక్షించితిని. వ్రేళ్లతో మెల్లగా నొక్కి చూడగా గట్టితనము ఈ కొసనుండి ఆ కొసవఱకు ఒకే తీరున నుండెను. ఒకచోట ముడివలె తగిలినను, మఱియొకచోట గుల్లగా తోచినను చుట్టిన చేయి తప్పినదని గ్రహింపవలెను. నోట నుంచుకొను కొసన టోపీవలె అతికిన ఆకును పదునైన కత్తితో కొంచెము మాత్రమే కోసి, వెలిగింపకయే ఒకమాఱు గాలి పీల్చితిని. ఎండుగడ్డి వామి దగ్గఱ నిలిచినట్లుండెను. అగ్గిపుల్ల గంధకపు కంపు పోవువఱకు ఆగి, మంటను ఆకునకు తాకనీయక, సెగ మాత్రము తగులునట్లు త్రిప్పుచు వెలిగించితిని. అటుపిమ్మట నిమిషమున కొక్క ఈడ్పు. పొగను ఊపిరితిత్తులలోనికి పోనీయక నోటనే త్రిప్పి, ఒక్కొక్కమాఱు కొంచెము ముక్కుద్వారా విడిచితిని. రుచిలో అధికభాగము ముక్కునకే తెలియును గదా.

సిగారును మూడు భాగములుగా తలచినచో, మొదటిభాగమున కారము పైచేయిగా నుండెను. అది మిరపది కాదు, మిరియముది, నాలుకను గాక ముక్కుమొదలును తాకునది. దానివెనుక పచ్చివక్క వగరు. పెదవులకు లేశముగా ఉప్పు. రెండవభాగమునకు వచ్చుసరికి వగరు తగ్గి, పెనముపై అప్పుడే వేగిన ధనియముల వాసనయు, దాని వెంబడి తాటిబెల్లపు పాకము అడుగంటబోవు వేళ వచ్చు తీపియు తెలిసినవి. ఈ ఘట్టమున పదిహేను నిమిషములు నేను మాటాడలేదు. మాటాడినచో అది పోవునని భయము. తుదిభాగమున చేదు పెరిగెను, లిహేరో బలము బయటపడెను. ఆఱు రుచులలో ఐదు వచ్చినవి, పులుపు రాలేదు. రాకుండుటయే మేలు. పొగలో పులుపుగాని, ముక్కును పొడుచు అమ్మోనియాగాని తోచినచో ఆ ఆకు మగ్గకముందే చుట్టబడినదని నిశ్శంకగా చెప్పవచ్చును.

ఆంగ్లమున ఈ విద్యను గూర్చి వ్రాయువారు తోలు, కోకో, ఓక్ కొయ్య అని పేర్లు పెట్టుదురు. అవి వారి వంటయిండ్లనుండి, వారి గుఱ్ఱపుసాలలనుండి వచ్చిన పేర్లు. వారికి అవి సత్యములు. వానిని మనము అప్పు తెచ్చుకొని పలికినచో నాలుక యొకటి చెప్పుచుండ నోరు వేఱొకటి చెప్పినట్లగును. నేనెన్నడును ఓక్ చెట్టును ముట్టినవాడను కాను. తాటిబెల్లము వండిన పొయ్యిదగ్గఱ కూర్చుండినవాడను. క్యూబా ఆకులో నాకు కనబడవలసినది ఆ పొయ్యియే.

ఒక సందేహమును పలువురు అడుగుచుందురు: గుంటూరు సీమలో ఇంత పొగాకు పండుచుండగా ఇట్టి సిగారు ఏల పుట్టదని. గుంటూరు వర్జీనియాను బేరన్లలో గొట్టపు వేడిమికి కొలది దినములలో ఎండబెట్టుదురు. అందుచే ఆకులో చక్కెర నిలిచి, పొగ ఆమ్లగుణము పొందును. అది సిగరెట్టునకు తగినది. సిగారు ఆకు గాలికి నెమ్మదిగా ఆఱి, మగ్గి, చక్కెరను కోల్పోయి, క్షారగుణముగల పొగ నిచ్చును. ఆ క్షారగుణముచేతనే నికొటిను నోటిపొరలనుండియే రక్తమున చేరును. పొగ మ్రింగ నక్కఱలేదు.

మ్రింగనంతమాత్రమున కీడు తప్పదనియు ఇందువలననే తెలియవలెను. శ్రీకాకుళ, విశాఖ తీరములయందు నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలలో అంగిటి క్యాన్సరును మన వైద్యులు ఎంతో కాలముగా చూచుచున్నారు. నోరు, గొంతు సిగారు పొగకును అట్లే లోబడునవి. నేను ఏటికి రెండు మూడింటిని దాటను. అలవాటు లేనివారిని ఈ అరుగుమీదికి పిలువను.

రెండవ సిగారుపై నా తీర్పు ఇది. చుట్టు ఉత్తమము. కాలుట మధ్యమము, ఏలయన నడుమ ఒకవైపు నిప్పు వెనుకబడి రెండుమాఱులు సరిచేయవలసివచ్చినది. రుచి మొదట మధ్యమము, నడుమ ఉత్తమోత్తమము, తుద మఱల మధ్యమము. మూడవది ఆ వేపచుట్టపు పెట్టెలోనే, 65 మొదలు 70 శాతము తేమలో భద్రముగా నున్నది. రెండేండ్లు కడచిన పిదప దానిని వెలిగించి, పచ్చివక్క వగరు తగ్గినదో లేదో ఈ శీర్షికలోనే పాఠకులకు తెలిపెదను.