టీకా సీసాలో దాగిన ప్రశ్న

ఇంటర్మీడియట్‌లో అతిపరావలయం చదివిన వారికి అనంతస్పర్శరేఖ తెలుసు. వక్రం దాన్ని ఎంత సమీపించినా తాకదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు చార్లెస్ జేన్‌వే 1989లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు సంపుటికి రాసిన పీఠికకు శీర్షికగా ఈ రేఖనే ఎంచుకున్నారు. రోగనిరోధక శాస్త్రం తెలుసుకోవలసినదంతా ఇంచుమించు తెలుసుకున్నట్లేనా అన్నది ఆయన ప్రశ్న. ఆ పీఠికలో కొత్త ప్రయోగాల కంటే వాదనకే పెద్దపీట. అయినా ఆ శాస్త్రాన్ని అది కొత్త దారి పట్టించింది. అందులోని బలమేమిటో, లోపమెక్కడో చూద్దాం.

పరాయి ప్రోటీన్ ఎదురైతే చాలు, లింఫోసైట్లు దానిపై విరుచుకుపడతాయని అప్పటి పుస్తకాలు చెప్పేవి. ప్రయోగశాల అనుభవం వేరు. శుద్ధిచేసిన ప్రోటీన్‌ను మాత్రమే ఎలుకకు ఎక్కిస్తే చాలాసార్లు చెప్పుకోదగ్గ స్పందన రాదు. దాన్నే ఖనిజ నూనెలో, చంపిన క్షయ బాక్టీరియాతో కలిపి ఎక్కిస్తే ప్రతిరక్షకాలు సమృద్ధిగా తయారవుతాయి. ఇలా కలిపే పదార్థాన్ని అడ్జువెంట్ అంటారు. కూరలో ఉప్పు వేసినట్లు అందరూ వేస్తూ పోయారే గాని, ఎందుకు వేయాలో పట్టించుకున్నవారు తక్కువ. ఇది మనం పైకి చెప్పుకోని గుట్టు అని జేన్‌వే తోటివారిని ఎత్తిపొడిచారు. పీఠికలో ముందుగా మెచ్చుకోవలసింది ఈ నిజాయితీనే.

ఆయన జవాబు కూడా సూటిగా ఉంది. స్థూలభక్షక కణాల వంటి తొలి కావలి కణాలకు పుట్టుకతోనే కొన్ని గ్రాహకాలు ఉండాలి. సూక్ష్మజీవుల్లో మాత్రమే ఉండే నిర్మాణాలను అవి పసిగట్టాలి. వాటి సంకేతం అందితేనే లింఫోసైట్లు కదలాలి. ముల్లు గుచ్చుకున్న వేలు కొద్ది గంటల్లోనే ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలిపే శోథ ఈ కావలి కణాల పనే. చంపిన క్షయ బాక్టీరియా ఆ కావలిని మేల్కొలుపుతుందన్నమాట.

రుజువులు తర్వాత వచ్చాయి. టోల్ అనే గ్రాహకం లోపించిన పండ్ల ఈగలు బూజు సోకి చనిపోతాయని 1996లో ఫ్రాన్స్‌లో జూల్ హాఫ్‌మన్ బృందం చూపింది. అలాంటిదే మనిషిలోనూ ఉందని 1997లో మెద్జితోవ్, జేన్‌వే తేల్చారు. బాక్టీరియా విషానికి చలించని ఒక జాతి ఎలుకల్లో ఇదే కుటుంబపు గ్రాహకం చెడిపోయి ఉందని 1998లో బ్రూస్ బాయిట్లర్ కనుగొన్నారు. ఆ ఎలుకలు విషాన్ని తట్టుకుంటాయి గాని, సాల్మొనెల్లా సోకితే సులువుగా చనిపోతాయి. ప్రాణం తీయగల శోథే ప్రాణం కాపాడేది కూడా! జేన్‌వే 2003లో మరణించారు. హాఫ్‌మన్, బాయిట్లర్ 2011 నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఉన్నారు.

ఇక లోపం. టీకాల్లో అల్యూమినియం లవణాలు పనిచేస్తాయని 1926 నుంచే తెలుసు. వాటిలో సూక్ష్మజీవి ఏదీ లేదే! గౌట్ రోగి కీలు వాచేది యూరిక్ ఆమ్ల స్ఫటికాల వల్ల; అక్కడా సూక్ష్మజీవి లేదు. కావలి కణాలు గుర్తించేది పరాయితనాన్ని కాదు, ప్రమాదాన్ని అని 1994లో పాలీ మాట్జింగర్ వాదించడానికి ఇలాంటి ఖాళీలే చోటిచ్చాయి. గౌట్ స్ఫటికాలు కణాల్లోని ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల సముదాయాన్ని రేపుతాయని 2006లో స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చాప్ బృందం చూపింది. అల్యూమినియం లవణాలూ దాన్నే రేపుతాయని 2008లో తేలింది. అయితే ప్రతిరక్షకాల తయారీకి ఇది తప్పనిసరా అన్నదానిపై ప్రయోగశాలలు ఏకీభవించలేదు.

కాబట్టి జేన్‌వే జవాబు సగం నిజం. ప్రశ్న మాత్రం పూర్తిగా సరైనది. హైదరాబాద్‌లో తయారై 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవాగ్జిన్‌లో ఆ రెండు సగాలూ కలిశాయి. అందులో అల్యూమినియం లవణం ఉంది. టోల్ కుటుంబ గ్రాహకాలను తట్టిలేపే అణువు కూడా దానికి అంటిపెట్టుకుని ఉంది.

స్వాభావిక నిరోధకతను మీరు నాలుగు అవరోధాల పట్టికగా కంఠస్థం చేసి ఉంటారు. ఆ పట్టిక పరీక్షకు సరిపోతుంది. కాని ప్రయోగశాలలో అలవాటుగా కలిపే ప్రతి పదార్థం గురించీ “ఇది లేకపోతే ఏమవుతుంది?” అని అడగడం ఏ పట్టికా నేర్పదు. ఆ విద్య నేర్చుకోవడానికి జేన్‌వే పీఠికను ఇప్పటికీ చదవవచ్చు.