గోడ ఇచ్చారు, కుర్చీ ఇవ్వలేదు

కంపెనీలు కళాకారులను పిలిచి కొన్నాళ్లు తమ దగ్గర ఉంచుకోవడాన్ని ‘రెసిడెన్సీ’ అంటున్నారు. 1966లో లండన్‌లో బార్బరా స్టెవెని, జాన్ లాథమ్ ‘ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్’ పెట్టినప్పుడు వాళ్ల షరతులు గట్టివే. కళాకారునికి కంపెనీయే డబ్బు ఇవ్వాలి. చివర్లో బొమ్మ ఇచ్చి తీరాలనకూడదు. అలా బ్రిటిష్ స్టీల్‌కు వెళ్లిన శిల్పి గార్త్ ఎవాన్స్, వెల్డింగ్ నేర్చుకునే కుర్రాళ్లు సాధన కోసం అతికిన ఇనుప ముక్కలను ఫొటోలు తీసి 1971లో పుస్తకం వేశారు. మంచి చూపే. అయితే చేతిపని కుర్రాళ్లది, పుస్తకం మీద పేరు శిల్పిది. ఈ సంగతి మేం మరచిపోలేం.

మాకు ఆ షరతులు కూడా లేవు. ఆదివాసీ దినోత్సవానికి ముందు ఒక కంపెనీ మాలో కొందరిని పిలిచి గోడ చూపించింది. నెమలి వేయమన్నారు, ఇప్పచెట్టు వేయమన్నారు. చెట్టు పక్కన బుల్డోజరు వేస్తామంటే, ‘అది వద్దులెండి, పండగ కదా’ అన్నారు. మూడు రోజులున్నాం. వాళ్లు మాట్లాడుకునే గదిలోకి ఒక్కసారీ రమ్మనలేదు.

ఆదిలాబాదులో గోండుల ఇంటికి పర్ధాన్ కిక్రీతో వస్తే ఆ ఇంటి వంశకథ పాడతాడు. పెళ్లికీ చావుకూ అతను కావాలి. పర్ధాన్ గోండు చిత్రకారుడు జంగఢ్ సింగ్ శ్యామ్‌ను జపాన్‌లోని మిథిలా మ్యూజియం బొమ్మలు వేయడానికి పిలిపించుకుంది. అది కంపెనీ కాదు, నిజమే. 2001లో ఆయన అక్కడే ఆత్మహత్య చేసుకున్నారు. పిలిచేవాళ్లు మా బొమ్మ ఎంత బాగుందో చెబుతారు. ఎన్నాళ్లుండాలి, ఇంటికెప్పుడు పోవచ్చు, ఏది వేయనంటే ఒప్పుకుంటారు? ఈ మూడూ ముందే కాగితం మీద రాసివ్వమని అడుగుతున్నాం.