రెండో జత కళ్లు

"పీఆర్ పెట్టాను, కాస్త చూస్తావా?" మాదాపూర్‌లోనైనా డాలస్‌లోనైనా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మనవాళ్లు రోజూ అనుకునే మాట ఇది. పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్. 'కోడ్‌లో ఈ మార్పు చేశాను, చదివి బాగుందనిపిస్తే అసలు కోడ్‌లో కలపండి' అని తోటివాళ్లకు పెట్టుకునే విన్నపం. ప్రోగ్రామింగ్ ఒంటరి పని అనుకుంటాం కానీ, ఆ వృత్తిలో సగం చదువు ఇలా ఒకరి కోడ్ ఒకరు చదవడంలోనే అబ్బుతుంది.

ఈ ఆచారం పాతదే. 1976లో ఐబీఎంకు చెందిన మైఖేల్ ఫాగన్ కోడ్ తనిఖీ మీద ఒక పత్రం ప్రచురించాడు. నలుగురు కూర్చుని, ఎవరి బాధ్యత వాళ్లు పంచుకుని, వరుస వరుసా చదివి తప్పులు పట్టే పద్ధతి అది. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను నలుగురి ముందు పెట్టాక, ముఖపరిచయం లేనివాళ్లు కూడా ఒకరి కోడ్ ఒకరు దిద్దుకోవడం ఊపందుకుంది. అలా వచ్చిపడే మార్పులను నిర్వహించడానికి 2005లో ఆయనే గిట్ అనే ఉపకరణం రాశాడు.

ఇందులో మెలకువలు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఒక కమిట్‌లో, అంటే గిట్‌లో ఒకసారి నమోదు చేసేదాంట్లో, ఒకే మార్పు ఉండాలి. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ ఆగిపోయిందనుకోండి. మధ్యలో వెయ్యి కమిట్లు ఉన్నా, గిట్‌లోని బైసెక్ట్ వాటిని సగానికి సగం తగ్గించుకుంటూ పది పరీక్షల్లో దోషిని పట్టిస్తుంది. దొరికిన కమిట్‌లో ముప్పై మార్పులు కలగాపులగంగా ఉంటే మాత్రం వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది కమిట్‌తో పాటు రాసే సందేశం. ఏం మార్చామో కోడే చెబుతుంది, ఎందుకు మార్చామో మనమే చెప్పాలి. 'బగ్ ఫిక్స్' అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే, మూడేళ్ల తర్వాత ఆ వరుస దగ్గర తల పట్టుకునేది మనమే కావచ్చు.

మూడోది రివ్యూ. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి అడ్డుకుంటాడు. అలా పసిగట్టాలంటే ఆయనకూ పద్యం మీద పట్టుండాలి. రివ్యూ చేసేవాళ్లూ అంతే. "ఈ జాబితా ఖాళీగా వస్తే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్న, రాసినవాళ్లకూ అడిగినవాళ్లకూ పాఠమే. ప్రశ్న కోడ్‌కు తగలాలి, మనిషికి కాదు. లినక్స్‌లో మార్పు కింద రాసినవారి పేరుతో పాటు, రివ్యూ చేసినవారు, పరీక్షించినవారు ఉంటే వాళ్ల పేర్లు కూడా చేరుస్తారు. అందులో గౌరవమూ ఉంది, పూచీ కూడా ఉంది.

అలాగని కోడ్ తెరిచి పెడితే చాలదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 2011 చివర చేరిన ఒక మార్పును కలిపే ముందు ఒకరు చూశారు, అయినా తప్పు దాటిపోయింది. గుప్పెడు వడ్లు తెచ్చి 'పుట్టెడు ఇచ్చాను, తిరిగివ్వు' అంటే, కొలవకుండా తన గాదెలోంచి తీసిచ్చినట్టుంది ఆ కోడ్. ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీ బయటికి పోయేది. 'హార్ట్‌బ్లీడ్' అన్న పేరుతో లోకానికి తెలిసింది 2014 ఏప్రిల్‌లో.

2024లో మరో పాఠం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణాన్ని దాదాపు ఒంటరిగా నెట్టుకొస్తున్న నిర్వాహకుడికి సాయంగా వచ్చిన ఓ మారుపేరు మనిషి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి, తీగ లాగితే డొంకంతా కదిలింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మొదటి నెలలో ఎంత రాశామని లెక్క చూసుకోకండి, ఎంత చదివామో చూసుకోండి. అర్థం కాని వరుస దగ్గర మొహమాటపడకుండా "ఇది ఎందుకు?" అని అడగండి. రేపు మీ పీఆర్ కింద ఎవరైనా అదే ప్రశ్న వేస్తే చిన్నబుచ్చుకోకండి. మీ కోడ్‌ను శ్రద్ధగా చదివితేనే ఆ ప్రశ్న పుడుతుంది.