రాతిగోడ మీద చేయి, చాప మీద కూడు

కారెంపూడి వీరుల తిరునాళ్లను తెలుగు పాఠకుడికి కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు సాగే ఆరాధన, వీర్ల గుడి, నాగులేరు, అంకాలమ్మ తల్లి, ఇవన్నీ పల్నాడు పేరెత్తగానే మనసులో మెదిలేవే. దాని పక్కన పెట్టి చూడదగ్గ యుద్ధభూమి ఒకటి అమెరికాలో ఉంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్. 1863 జులై మొదటి మూడు రోజులూ అక్కడ ఉత్తర, దక్షిణ రాష్ట్రాల సేనలు తలపడ్డాయి. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, జాడ తెలియకుండా పోయినవాళ్లు అంతా కలిపి సుమారు 51,000 మంది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1913లో, ఆ అంతర్యుద్ధంలో పోరాడి బతికున్నవాళ్లు అదే నేల మీద కలుసుకున్నారు. ఒకటి ఎనిమిది వందల ఏళ్ల నాటి పల్నాటి పోరును ఏటా తలుచుకునే ఊరు. మరొకటి పోరాడినవాళ్లనే పిలిపించి ఎదురెదురుగా కూర్చోబెట్టిన ఊరు. రెంటినీ కలిపి చదివితే ఒక్కోదాని బలమూ, వెలితీ రెండోదాని వెలుగులో తేటపడతాయి.

ముందు చుట్టరికం చెప్పుకోవాలి. రెండూ దాయాదుల పోరాటాలే. గురజాల నలగామరాజూ మాచర్ల మలిదేవుడూ ఒకే తండ్రి బిడ్డలు, తల్లులే వేరు. అలాగే గెటిస్‌బర్గ్‌లో తుపాకులు పట్టుకున్న ఇరుపక్షాలదీ ఒకే దేశం, ఒకే భాష, చాలామందికి ఒకే ప్రార్థన. పరాయి రాజు మీద గెలిస్తే ఊరేగింపు చెయ్యడం తేలిక. ఓడినవాడు కూడా మనవాడే అయినప్పుడు ఏం చేసినా సగం పండుగ, సగం దినం అవుతుంది. ఈ ఇబ్బందిని రెండు ఊళ్లూ ఎదుర్కొన్నాయి, ఎవరి పద్ధతిలో వాళ్లు.

గెటిస్‌బర్గ్ పద్ధతి కమిషన్లూ బడ్జెట్లూ రైళ్లూ. అదే యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న హెన్రీ హ్యూడెకోపర్ 1908లో ఆ ఆలోచనను గవర్నర్ ముందు పెట్టాడు. మరుసటేడు పెన్సిల్వేనియా ప్రభుత్వం కమిషన్ వేసింది. ఉత్తరాది, దక్షిణాది మాజీ సైనికుల సంఘాలు రెంటికీ ఆహ్వానాలు వెళ్లాయి. చాలా రాష్ట్రాలు తమవాళ్ల ప్రయాణ ఖర్చులు భరించాయి. సైన్యం సుమారు 280 ఎకరాల్లో డేరాల పట్నం కట్టింది. ఒక్కో డేరాలో ఎనిమిది మంది. వీధివీధికీ విద్యుద్దీపాలు, చల్లటి నీళ్ల కుళాయిలు, రెండు వేల పైచిలుకు వంటవాళ్లు. వచ్చిన మాజీ సైనికులు 53,000 పైనే, సగటు వయసు డెబ్భై దాటింది. ఎండ 38 డిగ్రీలు మించిన రోజుల్లో అంతమంది ముసలివాళ్లను కాపాడుకోవడం చిన్న పని కాదు. శిబిరంలో తొమ్మిది మంది కన్నుమూశారు. అంత వేడిలో ఇంకా ఎక్కువ మంది పోతారేమోనని నిర్వాహకులు భయపడ్డారు. అలా జరగలేదంటే దాని వెనక ఐదేళ్ల ముందుచూపు ఉంది.

కారెంపూడికి ఆహ్వానపత్రికలు లేవు. రావాల్సినవాళ్లకు ఎప్పుడు రావాలో తాతముత్తాతల నాటినుంచి తెలుసు. అక్కడ మాజీ సైనికులు వస్తే, ఇక్కడ వీరుల ఆయుధాలైన కొణతాలు వస్తాయి. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వీరాచారవంతులు తమ ఇంటి వీరుడి కొణతాన్ని భుజానికెత్తుకుని వస్తారు, నాగులేటిలో కడుగుతారు, పసుపు కుంకుమలు పెడతారు, గుడి ముందు నిలబెడతారు. మోసేవాడు రైతో కూలీయో కావచ్చు. ఆ ఐదు రోజులూ అతడు ఒక పేరున్న యోధుడికి ప్రతినిధి. గెటిస్‌బర్గ్‌లో సైనికుడి ఛాతీ మీది పతకం అతడు ఎక్కడ పోరాడాడో చెప్పినట్టే, ఇక్కడ కొణతం ఏ వీరుడు వచ్చాడో చెబుతుంది. తేడా ఒక్కటే. పతకం పెట్టుకున్నవాడికి జ్ఞాపకం ఉంది. కొణతం మోసేవాడికి బాధ్యత ఉంది.

ఇక ఆ కలయికల నడిమి ఘట్టాలు. జులై 3 మధ్యాహ్నం గెటిస్‌బర్గ్‌లో ఒక నడుమెత్తు రాతిగోడ దగ్గర రెండు గుంపులు చేరాయి. యాభై ఏళ్ల కిందట అదే రోజున దక్షిణాది సేనాని పికెట్ పేరుతో చరిత్రకెక్కిన దాడిలో పన్నెండు వేల మందికి పైగా కిలోమీటరుకు పైగా పొడవైన బయలు దాటి ఆ గోడ మీదికి వచ్చారు. గోడకు ఇవతల వాళ్లను ఆపినది ఫిలడెల్ఫియా దళం. 1913లో ఆ దాడిలో మిగిలినవాళ్లు అటునుంచి, ఆ దళంలో మిగిలినవాళ్లు ఇటునుంచి వచ్చి, గోడ మీదుగా చేతులు చాపి కరచాలనం చేసుకున్నారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. తెల్లగడ్డాలు, టోపీలు, రాళ్ల మీదికి వంగిన నడుములు. ఒకప్పుడు ఆ గోడ దాటలేక వేలమంది కూలిపోయారన్నది తెలిసి చూస్తే, ఆ చేతుల దూరం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

కారెంపూడిలో కరచాలనం లేదు, కథే మళ్లీ నడుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఐదు రోజులకు ఐదు పేర్లు. రాయబారం రోజున సంధికి వెళ్లిన అలరాజు ప్రయత్నం మళ్లీ విఫలమవుతుంది. కోడిపోరు రోజున పుంజులు మళ్లీ బరిలో దిగుతాయి. కల్లిపాడు రోజున వీరులు మళ్లీ నేలకొరుగుతారు. ఇందులో ఒక విశేషం గమనించాలి. కథాక్రమంలో కోడిపోరు ముందు, రాయబారం తరువాత. తిరునాళ్లలో ఆ వరస తిరగబడింది. దేనివల్ల పంతాలు ముదిరాయో ఆ కోడిపందాన్ని సరిగ్గా చివరి పోరు ముందురోజుకు తెచ్చి పెట్టారు. దాంతో కారణమూ ఫలితమూ ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. పందెం చూసి ఇంటికెళ్లిన పిల్లవాడు తెల్లారి వచ్చి చావులు చూస్తాడు. ఇంతకన్నా సూటిగా యుద్ధాన్ని వివరించే పాఠం నాకు కనబడలేదు.

గెటిస్‌బర్గ్ వాళ్లూ తమ నాలుగు రోజులకు పేర్లు పెట్టుకున్నారు: మాజీ సైనికుల దినం, సైనిక దినం, పౌర దినం, జాతీయ దినం. కారెంపూడి పేర్లలో తగవు ఉంది, గెటిస్‌బర్గ్ పేర్లలో అది లేదు. ఆ యుద్ధానికి మూలం బానిసత్వం. దాని ప్రస్తావన లేకుండానే సభలు నడిచాయి. జులై 4న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వచ్చి, వైరం మరిచిపోయామన్న ధోరణిలో మాట్లాడి వెళ్లాడు. అదే ఏడాది ఆయన ప్రభుత్వం కేంద్ర కార్యాలయాల్లో నల్లజాతి ఉద్యోగులను వేరుచేసి కూర్చోబెట్టడం సాగించింది. ఉత్తరాది సేనలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు. ఆ సమ్మేళనం చెప్పుకున్న కథలో వాళ్లకు చోటు లేదు. డేరాలు కట్టడంలో, దుప్పట్లు పంచడంలో, వంటశాలల్లో మాత్రం నల్లవాళ్ల చేతులు ఉన్నాయి. చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ 2001లో వెలువరించిన గ్రంథంలో ఈ మాటే గట్టిగా వాదించాడు: శ్వేతజాతి సైనికుల మధ్య రాజీకి, నల్లజాతివాళ్ల హక్కులే మూల్యమయ్యాయి. ఆ వాదన విన్నాక కూడా రాతిగోడ దగ్గరి ముసలివాళ్ల మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆ కరచాలనంలో మూడో చేయి కలవలేదన్న బాధ మాత్రం పోదు.

ఇక్కడే కారెంపూడి పెద్దదిగా కనిపిస్తుంది. మందపోరు రోజున చాపకూడు జరుగుతుంది. కులం అడగకుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును పెద్దకొడుకుగా చేసుకుని, అన్ని కులాలవాళ్లనూ కలిపి చాప మీద కూర్చోబెట్టాడన్నది మనకు తెలిసిన కథే. పల్నాటి తగవులో ఇదొక ముఖ్యమైన పాయ. దాన్ని తిరునాళ్లు దాచలేదు, పండుగ నడిబొడ్డున పెట్టాయి. గెటిస్‌బర్గ్‌లో వండినవాళ్లకు కథలో చోటు లేకపోతే, కారెంపూడిలో పంక్తిభోజనమే కథలో ఒక ఘట్టం. అయితే ఏడాదికి ఒక్కపూట పరిచిన చాప మిగతా రోజుల్లో మడిచే ఉందన్నదీ నిజం. ఆచారం ఆదర్శాన్ని కాపాడగలదు, అమలు చెయ్యాల్సింది మనుషులు.

అలాగని తూకం మన వైపే మొగ్గిందనుకోవడం పొరపాటు. గెటిస్‌బర్గ్ ఓడినవాడికి కూడా మంచం వేసింది, అన్నం పెట్టింది, మాట్లాడమంది. ఎనిమిది వేలకు పైగా దక్షిణాది సైనికులు అతిథులుగా వచ్చారు. మన కథో? శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యమైనా, దాన్ని 1911లో అచ్చుకు తెచ్చిన అక్కిరాజు ఉమాకాంతం కృషి అయినా, వీరవిద్యావంతులు గుడి ముందు పాడే పాట అయినా, జీన్ రోగెయిర్ గాయకుడి నోట విని 1982లో ఇంగ్లీషులో వెలువరించిన గాథ అయినా, మొగ్గు బ్రహ్మనాయుడి వైపే. నాయకురాలు నాగమ్మ ఒక రాజ్యం నడిపిన స్త్రీ, నలగామరాజు పక్షానికి మంత్రి. ఆమె వాదన ఆమె పక్షంవాళ్ల నోట వినే రోజు ఆ ఐదింటిలో లేదు. వాళ్లు కారణాన్ని వదిలి ప్రత్యర్థిని పిలిస్తే, మనం కారణాన్ని నిలుపుకుని ప్రత్యర్థిని కథలో దోషిగానే ఉంచాం.

కాలం ఈ రెండు దారులనూ దగ్గరకు తెచ్చింది. 1938లో, డెబ్భై అయిదేళ్లకు, గెటిస్‌బర్గ్‌లో ఆఖరి పెద్ద కలయిక జరిగింది. వచ్చినవాళ్లు రెండు వేలకు లోపే, సగటు వయసు తొంభై పైన, ఒక్కొక్కరికీ తోడుగా ఒక సహాయకుడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ శాంతిజ్యోతి స్మారకాన్ని ఆవిష్కరించాడు. 1956లో ఉత్తరాది చివరి సైనికుడు పోయాడు. ఆ తరువాత అక్కడ జరుగుతున్నదేమిటి? పాత యూనిఫాంలు తొడుక్కుని, పాత తుపాకులు పట్టుకుని, ఔత్సాహికులు ఆ యుద్ధాన్ని మళ్లీ నడిపిస్తున్నారు. నూట యాభయ్యో ఏట, 2013లో, వేలమంది అలా వచ్చారు. అంటే గెటిస్‌బర్గ్ కూడా కారెంపూడి బాట పట్టింది. అక్కడివాళ్లది ఇష్టం, ఇక్కడివాళ్లది వంశాచారం. ఇద్దరూ మోస్తున్నది మాత్రం తాము చూడని పోరు బరువునే.

ఈ పోలిక మనకిప్పుడు అక్కరకొస్తుంది. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల కుర్రవాడిగా ఉన్న జవాను, 2021లో స్వర్ణోత్సవం నాటికి డెబ్భై ఏళ్లవాడు. గెటిస్‌బర్గ్ డేరాల్లో పడుకున్నవాళ్ల వయసు సుమారుగా అదే. మన ఊళ్లలో, కంటోన్మెంట్లలో, విశాఖ తీరాన ఆ తరాన్ని పిలిచి కూర్చోబెట్టేవాళ్లు నీళ్లూ నీడా మందులూ గెటిస్‌బర్గ్ నుంచి నేర్చుకోవాలి. యుద్ధం ఎందుకొచ్చిందో, ఎవరెవరు దేనికోసం చచ్చిపోయారో పిల్లల ముందు విప్పి చెప్పే ధైర్యం కారెంపూడి నుంచి నేర్చుకోవాలి. అవతలి సైనికుడి మాటకూ చోటివ్వాలి, ఇవతల వంటశాలలోనూ మోతబరువుల్లోనూ ఉన్నవాడి పేరూ పిలవాలి. పోరాడినవాళ్లు బతికుండగానే ఈ పనులన్నీ చేసుకుంటే, వాళ్ల తరువాత ఆయుధం మోసేవాడికి పూర్తి కథ అందుతుంది.